మూడో పుస్తకం

మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర సాయంత్రం ఆరు దాటాక బస్టాపులో తెలుగు వినపడని నిమిషం ఉండదు. చుట్టూ పీజీ హాస్టళ్ళు, ఆంధ్రా మెస్సులు, సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లు. ఆ మధ్య ఒక సాయంత్రం అక్కడే నిలబడి ఉన్నాను. భుజాన బ్యాగు, చంకలో తాడుతో కట్టిన అట్టపెట్టె పెట్టుకుని ఒక కుర్రాడు, ఆగిన 335ఈ బస్సు దగ్గరికి పరిగెత్తాడు. "అన్నా, హెబ్బాళకు పోతుందా?" అని అడిగాడు. "హోగల్లా" అన్నాడు కండక్టరు, చెయ్యెత్తి అవతలి రోడ్డు చూపిస్తూ. బస్సు కదిలిపోయింది. కుర్రాడు నావైపు తిరిగాడు. "మరి హెబ్బాళకు ఏ బస్సు పోతుందన్నా?"

500డి అని చెప్పాను. కదిరి నుంచి ఆ ఉదయమే దిగాడట. ఇద్దరం కలిసి రింగ్ రోడ్డు వైపు నడిచాం.

దారిలో ఆ రెండు ప్రశ్నలే నా తలలో తిరిగాయి. ఈ బస్సు ఏయే చోట్లకు పోతుంది? ఈ చోటికి ఏయే బస్సులు పోతాయి? వింటే ఒకే ప్రశ్నలా ఉంటాయి. కానీ మొదటిదానికి బస్సు పట్టుకుని వెతకాలి, రెండోదానికి చోటు పట్టుకుని వెతకాలి. బెంగళూరులో వేలమంది తెలుగు పిల్లలు పొద్దున లేచి చేసే డేటాబేస్ పనిలో, కొత్తగా చేరినవాళ్ళని అందరికంటే ఎక్కువ తికమక పెట్టేది సరిగ్గా ఈ ముడే. 'మెనీ టు మెనీ' అంటారు దాన్ని: ఇటు ఒకదానికి అటు చాలా, అటు ఒకదానికి ఇటు చాలా.

ఎక్కడ రాసుకోవాలి?

ఆర్టీసీ ఆఫీసులో మీరే గుమాస్తా అనుకోండి. కంప్యూటర్ లేదు, రెండు గళ్ళ పుస్తకాలు ఉన్నాయి. ఒకటి రూట్ల పుస్తకం: రూటుకొక వరుస. రెండోది స్టాపుల పుస్తకం: స్టాపుకొక వరుస. డేటాబేస్‌లో టేబుల్ అంటే ఇదే, ఇంతకంటే గొప్ప రహస్యం ఏమీ లేదు.

335ఈ మారతహళ్ళిలో ఆగుతుంది అనే ఒక్క ముక్కని ఈ రెండు పుస్తకాల్లో దేంట్లో రాస్తారు?

అందరికీ మొదట తట్టేది, రూట్ల పుస్తకంలోనే ఒక గడి గీసి 'మెజెస్టిక్, డొమ్లూరు, మారతహళ్ళి, ఐటీపీఎల్' అని కామాలు పెట్టి రాసేయడం. చూడటానికి బాగుంటుంది. ఇప్పుడు ఎవరో వచ్చి "మారతహళ్ళిలో ఏమేం ఆగుతాయి?" అంటారు. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా ప్రతి గడిలోని ప్రతి పేరూ చదవాలి. ఒకరు 'మారతహళ్ళి' అని రాశారు, ఇంకొకరు 'మారతహళ్ళి బ్రిడ్జి' అని రాశారు, మూడోవారు అక్షరం తప్పు రాశారు. బెంగళూరు మహానగర రవాణా సంస్థకు ఆరు వేలకు పైగా బస్సులు ఉన్నాయి. ఆ వెతుకులాట ఎక్కడ తేలుతుంది?

సరే, రెండువైపులా రాద్దాం అంటారు కొందరు. స్టాపుల పుస్తకంలో కూడా 'ఇక్కడ ఆగే బస్సులు: 335ఈ, 500డి, 500సీ' అని. అప్పుడు కష్టం ఇంకో రూపంలో వస్తుంది. రూటు మారిన రోజు ఒక పుస్తకంలో కొట్టేసి రెండోదాంట్లో మరిచిపోతారు. మర్నాడు ఒక పుస్తకం బస్సు ఆగుతుందంటుంది, రెండోది ఆగదంటుంది. ఏది నిజమో చెప్పడానికి మూడో సాక్షి లేడు. పైగా నంబరుతో వెతికేటప్పుడు '500' అని వెతికితే 500డి, 500సీ కూడా చిక్కుతాయి. కామాల గడిలో అక్షరాలే ఉంటాయి తప్ప, 'ఇది ఒక బస్సు' అన్న ఎరుక ఉండదు.

మూడో దారి కూడా ఒకటుంది, నేను చాలాచోట్ల చూశాను. స్టాపు-1, స్టాపు-2, స్టాపు-3 అంటూ పది గడులు గీసేయడం. పదకొండో స్టాపు వచ్చిన రోజున పుస్తకమే చించి కొత్తది కుట్టాలి.

చదివింపుల పుస్తకం

దీనికి సమాధానం మన పెళ్ళి పందిట్లోనే ఉంది.

పెళ్ళయ్యాక ఒక మూల బల్ల వేసుకుని ఇద్దరు పెద్దమనుషులు కూర్చుంటారు. ఒకరు డబ్బు లెక్కపెడతారు, ఒకరు నోటుపుస్తకంలో రాస్తారు: పేరు, ఊరు, ఎంత చదివించారు. మా ఇంట్లో మా అమ్మమ్మ బీరువాలో అలాంటి పుస్తకాలు మూడు ఉండేవి, ముగ్గురు పిల్లల పెళ్ళిళ్ళవి, గుడ్డసంచిలో చుట్టి. ఎవరింట్లో శుభకార్యం వచ్చినా ముందు ఆ సంచి బయటికొచ్చేది. వాళ్ళు మనకు నూటపదహార్లు చదివించారు, మనం అంతకు తగ్గకూడదు అని.

ఆ నూటపదహార్లు ఎవరివి? చదివించిన కుటుంబం గురించిన సమాచారం కాదది. ఆ కుటుంబం ఇంకో పెళ్ళిలో యాభై చదివించి ఉండొచ్చు. పెళ్ళి గురించిన సమాచారమూ కాదు. ఆ పెళ్ళికి ఇంకో కుటుంబం ఐదొందలు ఇచ్చి ఉండొచ్చు. ఆ అంకె ఆ కుటుంబానిదీ కాదు, ఆ పెళ్ళిదీ కాదు. ఆ కుటుంబం ఆ పెళ్ళికి రావడం అనే సంగతిది. ఆ సంగతికి సొంతంగా ఒక వరుస కావాలి. చదివింపుల పుస్తకంలో ప్రతి వరుసా అదే.

డేటాబేస్‌లో దీన్ని 'జాయిన్ టేబుల్' అంటారు. నేను మూడో పుస్తకం అంటాను. రూట్ల పుస్తకంలో స్టాపుల ఊసు ఉండదు. స్టాపుల పుస్తకంలో రూట్ల ఊసు ఉండదు. ఏ రూటు ఏ స్టాపులో ఆగుతుందో, ఆ ఆగడానికి సంబంధించినవన్నీ, మూడో పుస్తకంలోనే ఉంటాయి.

అమ్మమ్మ పుస్తకాల్లో లేని సుఖం ఒకటి ఇక్కడ ఉంది. ఆవిడ దగ్గర 'మనకు ఎవరెంత ఇచ్చారు' అనేదే దొరికేది. 'మనం ఎవరికెంత ఇచ్చాం' అన్నది వాళ్ళ వాళ్ళ ఇళ్ళ బీరువాల్లో ఉండేది. ఊరంతటికీ కలిపి ఒక్కటే చదివింపుల పుస్తకం ఉండి, దాన్ని పెళ్ళి వారీగానూ కుటుంబం వారీగానూ తెరవగలిగితే రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే దొరికేది. కంప్యూటర్ ఆ పని చేస్తుంది. వరుస ఒక్కసారే రాస్తాం, దానికి రెండువైపులా సూచికలు కడతాం, 'ఇండెక్స్' అంటారు వాటిని. రూటు పట్టుకుని అడిగినా, స్టాపు పట్టుకుని అడిగినా అదే వరుస దగ్గరికి చేరతాం.

> మూడో పుస్తకంలో ఒక పేజీ
>
> (తేలిగ్గా అర్థం కావడానికి కొన్ని పెద్ద స్టాపులే తీసుకున్నాను.)
>
> 335ఈ, మెజెస్టిక్ నుంచి ఐటీపీఎల్ వైపు: 1 మెజెస్టిక్, 2 కార్పొరేషన్, 3 డొమ్లూరు, 4 హెచ్‌ఏఎల్, 5 మారతహళ్ళి, 6 కుందలహళ్ళి గేటు, 7 ఐటీపీఎల్
>
> 500డి, హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు వైపు: 1 హెబ్బాళ, 2 టిన్ ఫ్యాక్టరీ, 3 మహదేవపుర, 4 మారతహళ్ళి, 5 బెళ్ళందూరు, 6 అగర, 7 సిల్క్ బోర్డు
>
> ఇక్కడున్నవి రెండు వరుసలు కావు, పద్నాలుగు. ప్రతి వరుసలో మూడే గడులు: ఏ రూటు, ఏ స్టాపు, ఎన్నోది. మారతహళ్ళి ఒక వరుసలో ఐదోది, ఇంకో వరుసలో నాలుగోది. 'ఎన్నోది' అన్న అంకె మారతహళ్ళి సొత్తు అయితే అది ఒకేసారి ఐదూ నాలుగూ కాలేదు.

ప్రపంచమంతటా బస్సుల సమాచారం ఇదే పద్ధతిలో నడుస్తోంది. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి ఒక అమరిక తయారుచేశాయి. జీటీఎఫ్ఎస్ అని పిలిచే ఆ అమరికలో రూట్లకొక ఫైలు, స్టాపులకొక ఫైలు, ఒక్కో పర్యాయం నడిచే ట్రిప్పులకొక ఫైలు ఉంటాయి. వీటన్నిటినీ కుట్టే దారం 'స్టాప్ టైమ్స్' అనే ఇంకో ఫైలు. ఏ ట్రిప్పు, ఏ స్టాపు, ఎన్నోది, ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు బయల్దేరుతుంది. మిగతా ఫైళ్ళ కంటే అది చాలా పెద్దగా ఉంటుంది. సహజమే. నగరంలో స్టాపులు కొన్ని వేలు, ఆగడాలు రోజుకు లక్షలు.

అందులో నాకు బాగా నచ్చిన జాగ్రత్త ఒకటుంది. ఒక వరుసని ఇంకో వరుస నుంచి వేరు చేయడానికి ట్రిప్పు, స్టాపు రెండూ చాలవు అనుకున్నారు వాళ్ళు. ట్రిప్పు, ఎన్నోది అనే రెండింటినీ గుర్తుగా పెట్టారు. ఎందుకంటే చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే బస్సులు ఉంటాయి, అవి ఒకే స్టాపులో రెండుసార్లు ఆగుతాయి. బస్సు ఎక్కి తిరిగినవాళ్ళు రాసిన నియమం అది.

అడంగల్, 1-బి

ఇది కంప్యూటర్లతో పుట్టిన ముడి కాదు. ఊళ్ళో పొలం ఉన్న ఎవరికైనా రెండు కాగితాలు తెలుసు. అడంగల్ సర్వే నంబరు వారీగా ఉంటుంది: ఈ చెక్కలో పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు, ఏ పంట. 1-బి ఖాతా వారీగా ఉంటుంది: ఈ రైతుకు ఏయే సర్వే నంబర్లలో ఎంతెంత ఉంది. ఒక సర్వే నంబరులో నలుగురు అన్నదమ్ములు, ఒక అన్నకు ఐదు సర్వే నంబర్లు. మారతహళ్ళి, 335ఈల కథే ఇది. చేతిరాత కాలంలో ఒకే నిజాన్ని రెండు వరసల్లో రెండు పుస్తకాలుగా రాసుకోక తప్పలేదు. ఒకటి దిద్ది రెండోది దిద్దని చోట దాయాదుల తగువులు పుట్టాయి.

దీన్ని మరో దారిలో తేల్చిన పెద్దాయన ఒకరు బెంగళూరులోనే ఉండేవారు, గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్. 1962లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ తరఫున ఇక్కడ డాక్యుమెంటేషన్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ నెలకొల్పారు. 1972లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆయన ఎదుర్కొన్న చిక్కు ఇది: పుస్తకం ఒకటే, బీరువాలో దానికి చోటూ ఒకటే. కానీ 'వరి పంటకు తెగుళ్ళు' అనే పుస్తకం వ్యవసాయం వెతికేవాడికీ కావాలి, తెగుళ్ళ శాస్త్రం వెతికేవాడికీ కావాలి. ఆయన 1934లో వెలువరించిన సూచీకరణ నియమాల్లో, ఒక పుస్తకానికి ప్రధానమైన కార్డు ఒకటి, దాని దగ్గరికి వేర్వేరు దారుల్లో తీసుకువచ్చే కార్డులు మరికొన్ని రాయమన్నారు. పుస్తకం కదలదు, కార్డులు పెరుగుతాయి. ఒక్కో కార్డూ ఒక పుస్తకానికీ ఒక విషయానికీ మధ్య వరుస. మూడో పుస్తకాన్ని విడివిడి కాగితాలుగా సొరుగుల్లో పేర్చినట్టు.

చెట్టు చాలలేదు

కంప్యూటర్లు మాత్రం మొదట్లో చెట్టు ఆకారాన్ని నమ్ముకున్నాయి. చంద్రుడి మీదికి మనిషిని పంపే అపోలో పథకం కోసం, రాకెట్‌లో ఉండే లెక్కలేనన్ని భాగాల జాబితా పెట్టుకోవడానికి, 1960ల చివర్లో ఐబీఎం 'ఐఎంఎస్' అనే వ్యవస్థ కట్టింది. పెద్ద భాగం కింద చిన్న భాగాలు, వాటి కింద ఇంకా చిన్నవి. తల్లి కింద పిల్లలు. పిల్లకు ఒక్కతే తల్లి అయినంతవరకు చెట్టు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ ఒకే రకం బోల్టు ఇరవై చోట్ల వాడితే ఆ బోల్టు ఏ కొమ్మకు వేలాడాలి?

1970 జూన్‌లో అదే ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ ఒక వ్యాసం ప్రచురించాడు. అందులో ఆయన ఎత్తుకున్న ఉదాహరణ కూడా మన బస్సుల లాంటిదే: విడిభాగాలు, వాటిని వాడే ప్రాజెక్టులు. భాగాల కింద ప్రాజెక్టులు పెట్టొచ్చు, ప్రాజెక్టుల కింద భాగాలు పెట్టొచ్చు. ఇలా ఐదు రకాల అమరికలు చూపించి, ఒక అమరికను నమ్ముకుని రాసిన ప్రోగ్రామ్ మిగతావాటిలో చాలావాటి మీద కూలబడుతుందని తేల్చాడు. ఈ ప్రాజెక్టుకు ఈ భాగం ఎన్ని కేటాయించాం అన్న అంకె కూడా అక్కడ ఉంది. మా అమ్మమ్మ నూటపదహార్ల లాంటి అంకె అది. చెట్టూ వద్దు, కొమ్మా వద్దు, అన్నిటినీ సమానమైన గళ్ళ పుస్తకాలుగా పెట్టి, గుర్తులతో కలుపుకుందాం అన్నాడు కాడ్. ఈ రోజు మన బ్యాంకు ఖాతాలున్నది ఎక్కువగా ఆ ఆలోచన మీద కట్టిన డేటాబేస్‌లలోనే.

పేరు దొరికితే

డేటాబేస్‌లో ఉన్నవి గళ్ళ పుస్తకాలు. ప్రోగ్రామ్ రాసేవాళ్ళు మాత్రం 'ఈ స్టాపు', 'దీని బస్సులు' అని మాట్లాడాలనుకుంటారు. ఈ రెండు భాషల మధ్య దుబాసీ పని చేసేవాటిని 'అసోసియేషన్లు' అంటారు. డెన్మార్క్‌కు చెందిన డేవిడ్ హైన్‌మెయర్ హాన్సన్ 2004లో విడుదల చేసిన 'రూబీ ఆన్ రైల్స్' అనే పనిముట్టు వీటిని బాగా వాడుకలోకి తెచ్చింది. స్టాపుకు చాలా రూట్లు ఉన్నాయి అని ఒక్క వాక్యం ప్రకటిస్తే చాలు, ఆ తర్వాత ప్రోగ్రామ్‌లో 'మారతహళ్ళి రూట్లు' అని అడగగానే మూడో పుస్తకం తెరిచి, వరుసలు ఏరి, రూట్ల పుస్తకంలోంచి వివరాలు తెచ్చి ఇచ్చే పనంతా అదే చూసుకుంటుంది.

అందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిదాంట్లో మూడో పుస్తకం ఉంటుంది కానీ దానికి ప్రోగ్రామ్‌లో వ్యక్తిత్వం ఉండదు. రెండువైపుల గుర్తులు తప్ప ఇంకేమీ రాయరు. చదివింపుల పుస్తకంలో పేర్లు రాసి అంకెలు రాయనట్టు. రెండో పద్ధతి 2006లో వచ్చింది, 'హ్యాజ్ మెనీ త్రూ' అంటారు. ఫలానాదాని ద్వారా చాలా ఉన్నాయి అని. ఇక్కడ ఆ 'ఫలానా'కు సొంత పేరు ఉంటుంది, సొంత గడులు ఉంటాయి.

మొదటిదాంట్లో రాసే పని తక్కువ కాబట్టి కొత్తవాళ్ళు అటే మొగ్గుతారు. నా అనుభవంలో అది ఆర్నెల్లు కూడా నిలవదు. ఇవాళ రూటుకీ స్టాపుకీ ముడి ఉందా లేదా అన్నంతవరకే చాలనిపిస్తుంది. రేపు ఎన్నోదో కావాలి, ఎల్లుండి టైము కావాలి, ఆ తర్వాత 'ఆదివారం ఇక్కడ ఆగదు' అని రాసుకోవాలి. ఇవన్నీ ఆ ముడికే చెందుతాయి.

అందుకని నేను కొత్తగా చేరిన పిల్లలకు ఒకటే చెబుతాను: మధ్యలో ఉన్నదానికి పేరు వెతకండి. తెలుగులో దానికి కరువు లేదు. రైతుకీ పొలానికీ మధ్య కౌలు. కుటుంబానికీ పెళ్ళికీ మధ్య చదివింపు. విద్యార్థికీ తరగతికీ మధ్య చేరిక. కౌలుకు గడువుంటుంది, మక్తా ఉంటుంది. అవి రైతు వివరాల్లో పెట్టినా తప్పే, పొలం వివరాల్లో పెట్టినా తప్పే. రైతు-పొలం అని రెండు పేర్లు అతికించి పుస్తకానికి పెట్టేవాళ్ళు ఆ వ్యవహారం ఏమిటో ఇంకా ఆలోచించలేదని నాకు అనిపిస్తుంది. కౌలు అన్న మాట తట్టిన క్షణంలో గడువు గడీ, మక్తా గడీ వాటంతటవే కనపడతాయి.

కర్ణాటకలో 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకమే చూడండి. ఆడవాళ్ళకు బస్సు ఉచితం అని అందరం అంటాం. కానీ ఉచితమన్న గుర్తు ప్రయాణికురాలి పక్కన రాయలేం, ఎందుకంటే ఆవిడే ఏసీ వజ్ర బస్సు ఎక్కితే డబ్బు కట్టాలి. బస్సు పక్కన రాయలేం, అదే మామూలు బస్సులో కదిరి నుంచి వచ్చిన అక్క కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు లేకపోతే టికెట్ కొనాలి. ఫలానా మనిషి ఫలానా బస్సులో చేసిన ప్రయాణానికి టికెట్ అని పేరు. సున్నా రూపాయలు అని రాయాల్సింది దాని మీద. కండక్టరు మెషీన్ నుంచి సున్నా టికెట్ చింపి ఇస్తున్నది అందుకే.

దుబాసీని నమ్ముకునేవాళ్ళు ఒక సంగతి మాత్రం మరవకూడదు. వంద స్టాపుల జాబితా తెచ్చుకుని, ఒక్కో స్టాపు దగ్గరా 'నీ బస్సులేవి?' అని అడిగితే, అది ప్రతిసారీ డేటాబేస్ దాకా వెళ్ళొస్తుంది. ఉప్పుకొకసారి, పప్పుకొకసారి అంగడికి పోయినట్టు. ప్రోగ్రామ్‌లో ఒక్క లైనే కనపడుతుంది, లోపల నూటొక్క ప్రయాణాలు జరుగుతాయి. కావలసినవన్నీ చీటీ రాసి ఒకేసారి తెప్పించుకోమని చెప్పే వీలు ఉంది. ఆ మాట చెప్పడం మన పని.

నడిచే బండికి చక్రం మార్చడం

మూడో పుస్తకం కావాలని మొదటిరోజే తెలిస్తే ఇబ్బంది లేదు. మామూలుగా అది తెలిసేసరికి వ్యాపారం నడుస్తూ ఉంటుంది, జనం వాడుతూ ఉంటారు. పుస్తకాల ఆకారం మార్చడానికి రాసే ఆదేశాన్ని 'మైగ్రేషన్' అంటారు. 'ఈ టేబుల్ కట్టు, ఈ గడి చేర్చు' అని ఒక చిన్న ఫైలు. దాని పేరు ముందు రాసిన రోజు, గంట, నిమిషం, సెకను పద్నాలుగు అంకెలుగా ఉంటాయి. ఒకే పని మీద పదిమంది కూర్చున్నా ఏది ముందు, ఏది వెనక అన్న పేచీ రాదు. ఏయే ఆదేశాలు అమలయ్యాయో డేటాబేస్ తనలోనే రాసి పెట్టుకుంటుంది. చేసినదాన్ని మళ్ళీ చేయదు, చేయనిది వదలదు.

చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. శిక్షణ తరగతులు నడిపేవాళ్ళ కోసం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. విద్యార్థికి ఒకే బ్యాచ్ ఉంటుందనుకుని, విద్యార్థుల టేబుల్‌లోనే 'బ్యాచ్' అని గడి పెట్టాం. ఏడాది తిరక్కుండానే ఒకే పిల్లాడు పొద్దున జావా, సాయంత్రం టెస్టింగ్ చేరడం మొదలైంది. 'చేరికలు' అనే మూడో టేబుల్ కట్టాలి. నేనే మైగ్రేషన్ రాశాను. కొత్త టేబుల్ కట్టు, పాత గడి తీసెయ్. రెండూ ఒకే ఫైలులో. ఆ రెండు లైన్ల మధ్య ఉండాల్సిన లైను, పాత గడిలో ఉన్నవాటిని కొత్త టేబుల్‌లోకి ఎత్తిరాయడం, వేరే ఫైలులో పెట్టాను. అది తర్వాత నడవాల్సిన ఫైలు.

రాత్రి పదకొండుకు నడిపాను. తప్పేమీ చూపించలేదు. తెర మీద బ్యాచ్‌ల జాబితా తెరిస్తే ప్రతి బ్యాచ్ ఖాళీ. గుండె జారిపోయింది. మైగ్రేషన్‌కు వెనక్కి తిప్పే ఆదేశం ఉంటుంది కదా అని తిప్పాను. గడి తిరిగొచ్చింది. ఖాళీ గడి. ఇల్లు కూల్చాక గోడ మళ్ళీ కట్టొచ్చు, గోడకు తగిలించిన ఫొటోలు రావు. ముందురోజు రాత్రి తీసిన నకలు ఉండబట్టి బతికాం. ఆ ఒక్కరోజు చేరినవాళ్ళ వివరాలు మాత్రం అందులో లేవు. మర్నాడు పొద్దున ఇద్దరం కూర్చుని, కౌంటర్లో ఫీజు రసీదుల కట్ట ముందు పెట్టుకుని, ఒక్కో కార్బన్ కాపీ చదువుతూ ఎక్కించాం. ఒకరు చదవడం, ఒకరు కొట్టడం. మధ్యాహ్నం రెండయింది.

> ఆ రాత్రి తర్వాత నేను పాటించే క్రమం
>
> ముందు కొత్త టేబుల్ కట్టాలి. పాత గడి జోలికి పోకూడదు.
>
> ప్రోగ్రామ్ కొన్నాళ్ళు రెండుచోట్లా రాయాలి. ఈలోగా పాత వివరాలన్నీ కొత్తదాంట్లోకి ఎత్తిరాసి, రెండువైపులా లెక్క సరిపోయిందో లేదో చూసుకోవాలి.
>
> తర్వాత చదవడం కొత్తదాంట్లోంచి మొదలుపెట్టాలి.
>
> వారమో పదిరోజులో ఎవరూ ఏమీ అనకపోతే, అప్పుడు పాత గడి తీసెయ్యాలి. ఈ చివరి పని వేరే మైగ్రేషన్‌లో, వేరే రోజున.

కొత్త ఇంటికి సామాను చేరి, పాలు పొంగాక గానీ పాత ఇంటి తాళంచెవి ఇవ్వం కదా. అంతే ఇది.

పేరు మారినా గుర్తు మారలేదు

2014 నవంబరు 1న బ్యాంగళూర్ అధికారికంగా బెంగళూరు అయింది. ఊళ్ళో పెద్ద రైల్వే స్టేషన్‌కు ఆ తర్వాత క్రాంతివీర సంగొళ్ళి రాయణ్ణ పేరు పెట్టారు. విశాఖ, విజయవాడల మీదుగా వచ్చే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ దిగేవాళ్ళకు టికెట్ మీద ఇప్పుడు 'కేఎస్ఆర్ బెంగళూరు' అని కనపడుతుంది. కానీ స్టేషన్ కోడ్ మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఎస్‌బీసీయే.

మూడో పుస్తకంలో పేర్లు రాయకూడదని, గుర్తులే రాయాలని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఆ స్టేషన్‌కు వచ్చే ప్రతి రైలు ప్రతి ఆగడం దగ్గరా పాత పేరే రాసి ఉంటే, వాటన్నిటినీ వెతికి దిద్దాల్సి వచ్చేది. గుర్తు రాసుంటే స్టేషన్ల పుస్తకంలో ఒక్క వరుసలో పేరు దిద్దితే చాలు.

గుర్తుతో పాటు ఒక బాధ్యత వస్తుంది. స్టాపుల పుస్తకంలోంచి ఒక స్టాపు కొట్టేస్తే, మూడో పుస్తకంలో దాన్ని చూపించే వరుసలు దిక్కులేనివి అవుతాయి. లేని చోట బస్సు ఆగుతుందని చెబుతూనే ఉంటాయి. 'ఫారిన్ కీ' అనే కట్టుబాటు పెడితే, ఇంకా బస్సులు ఆగుతున్న స్టాపును కొట్టెయ్యడానికి డేటాబేస్ ఒప్పుకోదు. ముందు ఆ వరుసల సంగతి తేల్చమంటుంది. వేగం తగ్గుతుందని ఈ కట్టుబాటును పక్కన పెట్టేవాళ్ళు ఉన్నారు. నేను పెట్టను. ఖాళీ జాబితా చూసిన రాత్రి నాకింకా గుర్తుంది.

మూడో ప్రశ్న

రింగ్ రోడ్డు స్టాపులో మేము చాలాసేపే నిలబడ్డాం. వచ్చే బస్సుల మీద కన్నడ బోర్డులు కూడబలుక్కుంటూ చదువుతున్నాడు కుర్రాడు. రాయలసీమ పిల్లలకు ఆ లిపి తొందరగానే పట్టుబడుతుంది. 500డి దూరంగా కనిపించింది. పెట్టె ఎత్తుకుంటూ అన్నాడు: "రేపు పొద్దున ఐటీపీఎల్‌లో ఇంటర్వ్యూ ఉందన్నా. హెబ్బాళ నుంచి అక్కడికి ఎట్ల రావాల?"

ఈ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ ఎవరూ రాసిపెట్టలేదు. నేను పైన చూపించిన పేజీలో హెబ్బాళనూ ఐటీపీఎల్‌నూ కలిపే వరుస ఒక్కటీ లేదు. అయినా జవాబు అక్కడే ఉంది. మూడో పుస్తకానికి ఇంకో నకలు పక్కన పెట్టండి. ఒకదాంట్లో హెబ్బాళ ఉన్న రూట్లు తీయండి: 500డి. రెండోదాంట్లో ఐటీపీఎల్ ఉన్న రూట్లు తీయండి: 335ఈ. ఇప్పుడు రెండింటిలోనూ ఉన్న స్టాపు వెతకండి. మారతహళ్ళి. 500డిలో హెబ్బాళ 1, మారతహళ్ళి 4, ముందుకే వెళుతున్నాం. 335ఈలో మారతహళ్ళి 5, ఐటీపీఎల్ 7, ఇక్కడా ముందుకే. తిరుగు ట్రిప్పుకు మూడో పుస్తకంలో వేరే వరుసలు ఉంటాయి, వాటిలో అంకెలు అటువైపు నుంచి మొదలవుతాయి. ఫోనులో దారి చూపించే యాప్‌ల పునాదిలో ఉన్నది ఈ జత కలపడమే. వాటికి టైములూ నడిచే దూరమూ కూడా తోడవుతాయి.

బస్సు ఆగింది. "ఇదే బస్సులో వెనక్కి రా, మళ్ళీ ఇక్కడే దిగు. ఇందాక నువ్వు ఎక్కబోయిన 335ఈ ఉందే, అది ఎక్కు" అన్నాను.

"అదేనా అన్నా?" అంటూ ఫుట్‌బోర్డు మీద నుంచే వెనక్కి తిరిగి, బ్రిడ్జి వైపు ఒకసారి చూశాడు.